కాటన్ దొరకు మనం ఇచ్చే కీర్తి ఆయన పనికి మించినదా?

ప్రశ్న: ఆత్రేయపురం ఉపాధ్యాయిని

నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. మే 15న వచ్చే సర్ ఆర్థర్ కాటన్ జయంతి కోసం వేసవి సెలవులకు ముందే పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టాము. ఆ కాగితాలు దిద్దుతున్నప్పటి నుంచి నా మనసులో ఒక సందేహం కదులుతోంది. దాదాపు ప్రతి పిల్లా, పిల్లవాడూ కాటన్ దొర ఒక్కడే గోదావరికి అడ్డంగా గోడ కట్టి కోనసీమను సృష్టించాడన్న అర్థం వచ్చేలా రాశారు. ఒక్క అబ్బాయి మాత్రం వ్యాసం చివర "ఆ రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎక్కడ రాశారు?" అని అడిగాడు. విషయానికి సంబంధం లేదని నేను వాడికి రెండు మార్కులు తగ్గించాను.

ఫలానా నటుడికి అర్హతకు మించిన పేరు వచ్చిందన్న వాదన మన టీ కొట్ల దగ్గర రోజూ వినబడుతుంది. అది అభిరుచికి చెందినది కనుక ఎన్నటికీ తేలదు. ఇంజనీరు చేసిన పని అలాంటిది కాదు, దాన్ని కొలవవచ్చు. మా తాతగారు గోదావరిలో స్నానం చేసేటప్పుడు కాటన్‌ను భగీరథుడితో పోల్చే శ్లోకం చదివేవారు కనుక, ఈ ప్రశ్నను నేను అగౌరవంతో అడగడం లేదని గమనించండి. ఊరూరా విగ్రహాలుగా నిలిచిన ఆ కీర్తిలో ఆయనకు న్యాయంగా రావలసినది ఎంత, ఇతరుల నుంచి తీసి ఆయనకు చేర్చినది ఎంత?

జవాబు 1: మండపేట వైపు రైతు

అమ్మా, ఆ కీర్తి మించినది కాదన్నది నా గట్టి అభిప్రాయం. ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట కట్టకముందు ఈ నేల ఎలా ఉండేదో పిల్లలకు చెప్పకుండా ఈ ప్రశ్న అడగకూడదు. 1832-33లో నందన కరువు వచ్చింది. 1839లో కోరంగిని తుఫాను ఉప్పెన ముంచేసింది. నాటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో ఏడు లక్షల ముప్పై ఎనిమిది వేలు ఉండగా 1841 నాటికి అయిదు లక్షల అరవై ఒక్క వేలకు పడిపోయింది. ఇంత పెద్ద నది పక్కనే పారుతుండగా మనుషులు తిండి లేక చచ్చిపోయారు, ఊళ్లు విడిచి వలస పోయారు. నేడు అదే నేలలో సుమారు పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి, సార్వా తరువాత దాళ్వా కూడా పండుతోంది.

జూన్‌లో కాలువలు వదిలిన తరువాత మా బోదెలోకి తొలినీరు వచ్చే రోజున మా నాన్నగారు చెప్పులు విడిచి గట్టు మీద నిలబడేవారు. అన్నం పెట్టినవాడి పేరు నాలుగుసార్లు ఎక్కువ తలచుకుంటే ఎవరికీ నష్టం లేదు.

జవాబు 2: ధవళేశ్వరం, నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి

రైతుగారు చెప్పిన కరువు మాట అక్షరాలా నిజం. అయితే నష్టం లేదన్న మాటతో ఏకీభవించలేను. ముప్పై ఏళ్లకు పైగా ఈ కాలువల మీద, లాకుల మీద పనిచేసిన వాడిగా నాకు తెలిసినది చెబుతాను.

మొదట ఆ విద్య ఎక్కడిదో చూడాలి. లోతు అందని ఇసుకలో పునాది ఎలా నిలపాలో కాటన్ ఇంగ్లండు నుంచి నేర్చుకుని రాలేదు. గోదావరికి రాకముందు ఆయన కావేరి మీద పనిచేశారు. కావేరి పాయ అయిన కొల్లిడం మీద ఆనకట్టలు కట్టేటప్పుడు చోళుల కాలపు కల్లణై ఆనకట్టను దగ్గరగా పరిశీలించి, ఈ పద్ధతిని ఈ దేశపు పూర్వులే తమకు నేర్పారని స్వయంగా రాశారు. తన గురువులెవరో ఆయన దాచలేదు, ఆ మాటను వదిలేసినది మనం.

ఇక పని సంగతి. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆ అయిదేళ్లలో ఆయన మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ లేరు. 1848లో ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని సెలవు మీద ఆస్ట్రేలియా వైపు వెళ్లారు. 1850లో తిరిగి వచ్చే వరకు పనిని నడిపినది కెప్టెన్ ఆర్ అనే అధికారి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, మధ్యలో లంకలను కలుపుకుంటూ కట్టిన ఆనకట్ట అది. ఏటా వరద వచ్చే నదిలో పనికి దొరికేది నీరు తగ్గిన కొద్ది నెలలే కనుక, అప్పటి నిర్ణయాలు ఒక్కరోజు ఆలస్యమైనా ఏడాది పోయేది. అలాంటి సమయంలో బాధ్యత మోసినవాడికి మన ఊళ్లలో ఒక వీధి పేరు కూడా నేను చూడలేదు.

వీణెం వీరన్న గారి పేరు మాత్రం కొంతమందికి తెలుసు. వేలమంది కూలీలను కూడగట్టడం, వారికి తిండి, వసతి చూడడం, తెలుగు రాని దొరలకూ దొరల మాట తెలియని మేస్త్రీలకూ నడుమ నిలబడడం ఆయన పని. నా లెక్కలో అది నక్షా గీయడానికి ఏమాత్రం తక్కువ కాదు. ప్రభుత్వం ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. కొండ తొలిచినవారికి, మట్టి మోసినవారికి ఏ బిరుదూ లేదు. మీ విద్యార్థి అడిగినది నూటికి నూరుపాళ్లు విషయానికి చెందిన ప్రశ్న అని నేను భావిస్తున్నాను.

ఇంకొక సంగతి కూడా చెప్పడం న్యాయం. కాటన్ అంచనాలన్నీ ఫలించలేదు. రైళ్ల కంటే పడవ కాలువలే దేశానికి మేలని ఆయన జీవితాంతం వాదించారు, చివరకు రైళ్లే నిలిచాయి. ఆయన ప్రోత్సహించిన కర్నూలు–కడప కాలువ కట్టిన కంపెనీ నష్టాలలో కూరుకుపోగా 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కోవలసి వచ్చింది. అలాగే ఈస్టిండియా కంపెనీ ఈ ఆనకట్టకు డబ్బు ఇచ్చినది మన మీద జాలితో మాత్రమే కాదు. పడిపోయిన శిస్తు తిరిగి రావాలన్నది వారి లెక్క. ఆ లెక్కను ఒప్పించగలిగిన పట్టుదల మాత్రం కాటన్‌దే, దాన్ని ఎవరూ కాదనలేరు.

పాత ఆనకట్ట స్థానంలో 1970 తరువాత కట్టిన బ్యారేజీకి కూడా ఆయన పేరే పెట్టారు. 175 గేట్లతో స్వతంత్ర భారతదేశపు ఇంజనీర్లు కట్టిన నిర్మాణం అది. దాన్ని చూపించి "కాటన్ కట్టినది ఇదే" అని పిల్లలకు చెప్పే పెద్దలను నేను చాలాసార్లు చూశాను. కీర్తి హద్దు దాటడమంటే నా దృష్టిలో ఇదే.

జవాబు 3: రాజోలు వైపు శివారు రైతు కుటుంబం

మా లంకకు కాలువ నీరు పి. గన్నవరం దగ్గర వైనతేయ పాయను దాటి వస్తుంది. ఏటి మీదుగా కాలువను దాటించే 49 ఖానాల ఆ పాత వంతెనను, అంటే అక్విడక్ట్‌ను, ఆనకట్ట పూర్తయ్యే రోజుల్లోనే కట్టించినది హేగ్ అనే యువ అధికారి. నేను చదువుకున్న రోజుల్లో ఆ పేరు ఎవరూ చెప్పలేదు, అది కూడా కాటన్ దొర కట్టాడనే విన్నాను. దాని పక్కన కొత్తగా కట్టినదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండి వడ్డించి 1909లో కన్నుమూసిన ఆ తల్లి ఇటుక పేర్చలేదు, కాలువ తవ్వలేదు. అయినా ఆ పేరు అక్కడ ఉండడం నాకు ఎంతో సంతోషం. ఆమెకు ఇచ్చిన కీర్తి మరొకరి పనిని తుడిచివేయలేదు కదా.

నాకు బాధ కలిగించే విషయం వేరే ఉంది. మే నెలలో విగ్రహానికి పూలదండ పడుతుంది, ఉపన్యాసాలు జరుగుతాయి. అదే సమయంలో మా ఊరి మురుగు కాలువ గుర్రపు డెక్కతో పూడిపోయి ఉంటుంది. డెల్టాలో నీరు రావడం సగమే, పొలంలో చేరిన నీరు సముద్రానికి పోవడం మిగతా సగం. ఆ రెండో సగం సరిగా లేకనే వరుసగా సార్వాలు మునిగాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాలలో గిట్టుబాటు ధరతో పాటు ఇది కూడా ఉంది. మేమూ ఆ ఏడు నాట్లు వేయలేదు. పూడిక తీయించమని మా వారు ఎన్ని అర్జీలు పెట్టారో నాకు తెలుసు. నూట డెబ్బై ఏళ్ల క్రితం ఒక మహానుభావుడు అంతా చేసి వెళ్లాడన్న నమ్మకం, ఈ ఏడాది చేయవలసిన పనిని అడగనివ్వకుండా చేస్తోందని నాకు అనిపిస్తుంది.

మళ్లీ జవాబు 1: మండపేట వైపు రైతు

అమ్మా, ఎగువన ఉన్నవాళ్లం కనుక మీ మునక మాకు తెలిసిరాలేదు. కెప్టెన్ ఆర్ సంగతి కూడా నేను ఇంతవరకు వినలేదు. అయినా విగ్రహాలు ఉండవలసిందేనన్న నా మాట మార్చుకోను. ఆ దిమ్మె మీద మిగతా పేర్లు కూడా చెక్కించడానికి మా ఊరిలో నా వంతు చందా ఇస్తాను.

ప్రశ్న అడిగినవారు: ఆత్రేయపురం ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారాలు. బడి తెరిచిన తరువాత పిల్లలను ముందు ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియానికి, అక్కడి నుంచి గన్నవరం అక్విడక్ట్‌కు తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. విశ్రాంత ఉద్యోగి గారు ఆ రోజు మాతో వచ్చి, పాత ఆనకట్ట ఎక్కడ ఉండేదో, నేటి బ్యారేజీ ఎక్కడ ఉందో పిల్లలకు విడిగా చూపించగలరా? రాజోలు అమ్మగారు అనుమతిస్తే మీ మురుగు కాలువ కూడా చూపిస్తాను.

ఆ అబ్బాయికి తగ్గించిన రెండు మార్కులు నిన్న తిరిగి వేశాను.