దుఃఖంలో ఉన్న నల్లజాతి మిత్రుడితో ‘మాకూ జరిగింది’ అనవచ్చా?

తంగేడుపువ్వు:
2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో ఒక పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ మెడపై తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు మోపి ప్రాణం తీశాడు. మరుసటి వారం మా కార్యాలయ వీడియో సమావేశంలో నల్లజాతి సహోద్యోగి ఒకరు కెమెరా ఆపేసి కూర్చున్నారు. తరువాత ఆయనకు ఫోను చేశాను. ‘మా అబ్బాయికి పదహారేళ్లు. రాత్రి కారు తీసుకుని వెళితే వాడు తిరిగి వచ్చేదాకా నాకు నిద్ర పట్టదు’ అన్నారు. నేను వెంటనే ‘నాకు అర్థమవుతుంది, మాకూ జరిగింది’ అంటూ 2017లో కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలో, ‘నా దేశం నుంచి పో’ అని అరుస్తూ ఒకడు కాల్చి చంపిన మన కూచిభొట్ల శ్రీనివాస్ గురించి చెప్పుకుంటూ పోయాను. ఆయన మర్యాదగా విన్నారు. ‘చాలా ఘోరం’ అన్నారు. ఓదార్చడానికి ఫోను చేసింది నేను, చివరికి ఓదార్చింది ఆయన. వాళ్ల అబ్బాయి పేరు కూడా అడగలేదని ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది.

నేను చేసింది తప్పనే అనుకుంటున్నాను. మీరేమంటారు?

గోదావరి తీరం:
తప్పు ఎందుకవుతుందండీ? మన ఊళ్లలో పరామర్శకు వెళ్లినవారు ఏం చేస్తారు? ‘మా ఆయన పోయినప్పుడు నేనూ ఇలాగే కుమిలిపోయాను’ అని తమ కష్టం చెప్పుకుంటారు. నువ్వు ఒంటరివి కావని చెప్పే పద్ధతి అది. పైగా మన భయం కల్పించుకున్నది కాదు. 2015లో మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి అలబామాకు వచ్చిన ఒక పెద్దాయన వీధిలో నడుస్తుంటే, బక్కపలచని నల్లవాడెవడో తిరుగుతున్నాడని ఎవరో పోలీసులకు ఫోను చేశారు. వచ్చిన పోలీసు ఆయనను నేలకేసి కొట్టాడు. ఆయన కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పాయి. ఆ పోలీసుకు శిక్ష పడలేదు. ఇక వీసా మీద ఉన్నవాళ్లం నిరసన ఊరేగింపులకు వెళ్లి అరెస్టయితే పిల్లల చదువులేమవుతాయి?

చలివేంద్రం:
గోదావరి తీరం గారూ, ఆ ఫోను చేసిన మనిషికి అనుమానం పుట్టింది ఆ పెద్దాయనను నల్లవాడనుకున్నందుకే కదా. వాళ్లు రోజూ మోసే బరువు ఒక ఉదయం మన మీద పడితేనే అంత విరిగిపోయాం. దాన్ని ‘మాకూ’ అనే లెక్కలో వేయలేను.

ఇంకొకటి. 1946 నాటి అమెరికా చట్టం ప్రకారం భారతీయులకు ఏడాదికి 100 మంది చొప్పునే వలసకు అనుమతి ఉండేది. దేశాలవారీ కోటాలను 1965లో ఎత్తేశారు. పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే అది జరగడం కాకతాళీయం కాదు. నల్లవారు లాఠీలూ పోలీసు కుక్కల కాట్లూ తిని మార్చిన గాలిలో ఆ తలుపు తెరుచుకుంది. అందులోంచే మనం వచ్చాం.

ఒలేథాలో శ్రీనివాస్‌ను కాల్చినవాణ్ణి పట్టుకోబోయిన తెల్లవాడు ఇయాన్ గ్రిల్లాట్‌ను కూడా తలచుకోండి. అప్పుడాయనకు 24 ఏళ్లు. తూటా చేతిని చీల్చుకుని ఛాతీలోకి దిగింది. మన కష్టం ఆయన కష్టం కాదు, అయినా లేచాడు. హ్యూస్టన్‌లోని భారతీయులు ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు ఇచ్చి ఆయనను గౌరవించారు. బయటివాడు మనకోసం లేచి నిలబడితే ఎలా ఉంటుందో మనకు తెలుసు.

ఎర్రమట్టి:
నేను మాదిగ కుటుంబంలో పుట్టాను. హాస్టల్లో నా గదిలోనే ఉండే స్నేహితుడికి ఒక రాత్రి మా నాన్న గురించి చెప్పాను. ఊరి హోటల్లో ఆయనకు వేరే గ్లాసు. టీ తాగి, తానే కడిగి, చూరులో పెట్టి రావాలి. స్నేహితుడు మంచివాడు, నిజంగానే బాధపడ్డాడు. ఆ వెంటనే ‘మేమూ పడ్డాం. రిజర్వేషన్ల వల్ల మా అన్నకు మెడికల్ సీటు రాలేదు’ అన్నాడు. ఆ తరువాత ఎన్నడూ మా నాన్న మాట అతని దగ్గర ఎత్తలేదు.

గోదావరి తీరం గారూ, పరామర్శలో ఇద్దరికీ చావు చుట్టమే. అందుకే అక్కడ ఆ మాట దగ్గర చేస్తుంది. గ్లాసూ సీటూ ఒకటి కానప్పుడు అదే మాట నోరు మూయిస్తుంది.

అంబేడ్కర్ 1946లో నల్లజాతి మేధావి డు బోయిస్‌కు ఉత్తరం రాశారు. నీగ్రో సమస్యను అధ్యయనం చేస్తూ వచ్చానని, మీ రచనలు చదివానని ముందు చెప్పారు. అస్పృశ్యుల స్థితికీ దానికీ ఎంతో పోలిక ఉందన్నది ఆ తరువాతి వాక్యం. ఆ పోలిక తెచ్చే హక్కు నిండుగా ఉన్న మనిషి కూడా ముందు చదివారు. అమెరికా నల్లవారు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు పంపమని అడిగారు.

గోదావరి తీరం:
గ్లాసు సంగతి చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఊరి హోటల్లోనూ అలాంటి గ్లాసు ఉండేది. చిన్నప్పుడు చూశాను, ఎవరినీ అడగలేదు. పరామర్శతో పోల్చిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. వీసా భయం మాత్రం అలాగే ఉంది, లేదని అబద్ధం చెప్పలేను.

తంగేడుపువ్వు:
ఆ భయం ఉన్నవాళ్లు ఊరేగింపుకు వెళ్లకపోతే తప్పు పట్టను. ఫోనులో ఎదుటి మనిషిని చివరిదాకా మాట్లాడనివ్వడానికి మాత్రం ఏ వీసా అడ్డురాదు కదా.

ఎర్రమట్టి గారూ, మీ స్నేహితుడి స్థానంలో నన్ను చూసుకున్నాను. ఆ సహోద్యోగి ఇప్పుడు వేరే ఊళ్లో పనిచేస్తున్నారు. నంబరు నా దగ్గరే ఉంది. అబ్బాయికి ఇప్పుడు ఇరవై దాటి ఉంటాయి. ఈ శనివారం ఫోను చేసి, ముందు వాళ్ల అబ్బాయి పేరు అడుగుతాను.