ప్రాగ్ పాత ఊరు: గైడ్‌తో నడవాలా, మనంతట మనమే తిరగాలా?

విజయనగరం_సుధ:
అందరికీ నమస్కారం. మేం డ్రెస్డెన్‌లో ఉంటున్నాం. వచ్చే నెల అమ్మ, నాన్నగారు వస్తున్నారు, రెండు రోజులు చెక్ రాజధాని ప్రాగ్ తీసుకెళ్దామనుకుంటున్నాం. నాన్నగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఏది చూసినా ఎప్పుడు, ఎందుకు అని అడుగుతారు, నా దగ్గర జవాబులుండవు. అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. గైడ్ వెంట రెండున్నర గంటలు నడవగలదా అని టెన్షన్‌గా ఉంది. పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

మ్యూనిక్_రవి:
సుధగారూ, మాస్టారికైతే గైడ్ ఉండాల్సిందే. నేను మే మొదటి వారంలో మా నాన్నని తీసుకెళ్లాను. ఆయనకి పంచాంగం చూడటం బాగా వచ్చు.

పాత టౌన్‌హాల్ గోడకి 1410 నాటి ఖగోళ గడియారం ఉంటుంది. గంట కాగానే అస్థిపంజరం బొమ్మ తాడు లాగుతుంది, పైన రెండు కిటికీల్లో క్రీస్తు శిష్యుల బొమ్మలు వరసగా వచ్చి పోతాయి, ఆఖర్న కోడి కూస్తుంది. జనమంతా ఫోన్లెత్తి అంతవరకే చూసి వెళ్లిపోతారు. మా గైడ్ మాత్రం గుంపు పలచబడేదాకా ఆగమని, అప్పుడు అసలు గడియారం చూపించింది. లోపల పక్కకి జరిగి ఉన్న చిన్న చక్రం మీద పన్నెండు రాశులు ఉంటాయి. బంగారు రంగు సూర్యుడు, సగం నలుపు సగం వెండి చంద్రుడు ఏ రాశిలో ఉన్నారో అది చూపిస్తుంది. నాన్న కళ్లు చిట్లించి చూసి, 'ఇదేంటి, సూర్యుణ్ణి వృషభంలో పెట్టారు? ఇంకా మేషమే కదా' అన్నారు. నేను గైడ్‌కి అనువాదం చేసి చెప్పాను. వాళ్లది సాయనం (విషువత్తు నుంచి రాశుల లెక్క), మనది నిరయనం (నక్షత్రాల నుంచి లెక్క), మధ్యలో సుమారు 24 డిగ్రీల తేడా అని చివరికి నాన్నే విడమరిచి చెప్పారు. బయటి వలయంలో 24 అంకెలున్నాయి. అది పాత చెక్ కాలం, సూర్యాస్తమయంతో రోజు మొదలు. మనం సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టినట్టే అన్నమాట. అరగంట అక్కడే నిలబడ్డాం. నేను అంతకుముందు రెండుసార్లు ఆ గడియారం ముందు నుంచే వెళ్లాను, రాశులున్నాయని కూడా గమనించలేదు.

బెర్లిన్_కిరణ్:
నా అనుభవం వేరేలా ఉంది. మాది ముందు డబ్బు కట్టక్కర్లేని టూర్, చివర్లో మనకి తోచింది ఇవ్వాలి. గుంపులో ముప్పైమంది పైనే, వెనకున్నవాళ్లకి ఒక్క ముక్క వినపడలేదు. అమ్మ ఎక్కడా కూర్చునే వీల్లేదు. సగంలో బయటికొచ్చేశాం. పైగా ఆ రోజే చౌక్ దగ్గర ఒక కౌంటర్‌లో యూరోలు మారిస్తే దారుణమైన రేటు ఇచ్చారు. అక్కడి చట్టం ప్రకారం వెయ్యి యూరోల లోపు అయితే మూడు గంటల్లో రద్దు చేసుకోవచ్చని రాత్రికి తెలిసింది. మీరు రసీదు దగ్గర పెట్టుకోండి. అసలు కార్డే వాడండి.

ఓరుగల్లు_స్వప్న:
కిరణ్ అన్నా, అంత పెద్ద గుంపైతే ఎవరికైనా అంతే. మేము నలుగురం కలిసి విడిగా గైడ్‌ని మాట్లాడుకున్నాం, ఖర్చు ఎక్కువే గానీ మా నడకకి తగ్గట్టు నడిచాడు.

సుధక్కా, ఆ ఊళ్లో సగం సంగతులు కాళ్ల కిందే ఉన్నయి. టౌన్‌హాల్ పక్కన నేల మీద తెల్ల రాళ్లతో 27 సిలువలు పరిచి ఉంటాయి. మనుషులు వాటి మీద నుంచే నడుస్తూ ఐస్‌క్రీమ్ తింటుంటారు. 1621 జూన్ 21న, హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి మీద తిరగబడ్డ 27 మంది నాయకులను అక్కడ చంపించారు. వాళ్లలో పన్నెండుమంది తలలు చార్లెస్ వంతెన గోపురానికి పదేళ్లు వేలాడాయట.

ఆ 27 మందిలో యాన్ యెసేనియస్ అనే వైద్యుడు ఉన్నడు. 1600లో ప్రాగ్‌లో అందరి ముందు శవపరీక్ష చేసి చూపించినాయన. చంపేముందు ఆయన నాలుక కోశారు. గైడ్ అక్కణ్ణుంచి ఎదురుగా ఉన్న జంట శిఖరాల టీన్ చర్చిలోకి తీసుకుపోయి, టైకో బ్రాహీ సమాధి చూపించిండు. గ్రహాల కదలికల సూత్రాలు చెప్పిన కెప్లర్‌కి ఆకాశపు కొలతలన్నీ అందించిన ఖగోళ శాస్త్రవేత్త, 1601లో పోయినడు. ఆ అంత్యక్రియల్లో ప్రసంగం చేసింది ఈ యెసేనియస్సే. ఆ నాలుకతోనే. నాకు అక్కడ కాసేపు మాట రాలేదు.

ప్రాగ్_పద్మ:
ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. స్వప్న చెప్పింది నిజం, కింద చూసి నడవండి. కొన్ని ఇళ్ల గుమ్మాల ముందు అరచేతంత ఇత్తడి పలకలు నేలలో దించి ఉంటాయి. పేరు, పుట్టిన ఏడు, ఎక్కడికి పంపేశారు, ఎక్కడ చంపేశారు, అంతే. ఆ ఇంట్లో బతికి, నాజీల చేతిలో పోయిన యూదులవి. దగ్గర్లోనే పింకాస్ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గోడల నిండా అలా పోయినవాళ్ల పేర్లు 77 వేలకు పైగా చేత్తో రాసి ఉన్నాయి. గైడ్ వద్దన్నా అక్కడికి మాత్రం వెళ్లండి.

ఇంకొకటి. వ్లతావా నది వరదలకి తట్టుకోలేక 13వ శతాబ్దంలో ఊరి నేలనే ఎత్తు చేశారు. అందుకే అప్పటి ఇళ్ల కింది అంతస్తులు ఇప్పుడు భూగర్భ గదులు. వాటిలోకి దింపే టూర్ ఉంటే మెట్లెన్నో ముందే కనుక్కోండి, అమ్మగారికి కష్టం. నడక టూర్ ఉదయం తొమ్మిదికే మొదలయ్యేది చూడండి. చెప్పులు, అడుగు పల్చగా ఉన్న బూట్లు వద్దు, ఆ గుండు రాళ్ల మీద పాదాలు మండిపోతాయి. కోటకి నడిచి ఎక్కకండి, 22 నంబర్ ట్రామ్ పైదాకా వెళ్తుంది.

విజయనగరం_సుధ:
వెళ్లొచ్చాం! అందరికీ ధన్యవాదాలు. చిన్న గుంపు, ఎనిమిదిమందిమి. మధ్యలో కాఫీకి ఆగుదామని ముందే అడిగితే గైడ్ సరేనన్నాడు. అమ్మ మొత్తం నడిచింది, రాత్రి మాత్రం వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టుకుంది.

నాన్నగారికి అన్నిటికంటే వంతెన నచ్చింది. నాలుగో చార్లెస్ చక్రవర్తి 1357లో తొమ్మిదో తేదీ, ఏడో నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలకి మొదటి రాయి వేయించాడని అక్కడ చెప్పుకుంటారు. అంకెలు వరసగా రాస్తే 135797531, ఎటు నుంచి చదివినా ఒకటే. 'ముహూర్తం పెట్టించాడే!' అన్నారు నాన్నగారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, వంతెన గోడ మీద పెట్టి ఆ సంఖ్య రాసుకున్నారు. మళ్లీ వెనక నుంచి ఒక్కో అంకె వేలితో చూపిస్తూ అమ్మకి చదివి వినిపించారు.