శిక్ష పడిన తండ్రులకి ఉద్యోగం, పెంపకం కలిపి నేర్పే కార్యక్రమం: పనిచేసిందని ఎలా తేల్చాలి?

గోదారమ్మాయి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఓహాయోలో కొలంబస్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో డేటా పని చూస్తాను. రాజమండ్రిలో డిగ్రీ, ఇక్కడ స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్. మా దగ్గరికి వచ్చేవాళ్ళంతా జైలు నుంచి విడుదలైన తండ్రులు, లేదా ప్రొబేషన్ (జైలుకి పంపకుండా అధికారి నిఘాలో ఉంచే శిక్ష) మీద ఉన్నవాళ్ళు. పగలు ఉద్యోగ శిక్షణ ఉంటుంది: రెజ్యూమె రాయడం, ఇంటర్వ్యూలో కేసు గురించి అడిగితే ఏం చెప్పాలి, ఫోర్క్‌లిఫ్ట్ సర్టిఫికెట్ లాంటివి. సాయంత్రాలు పెంపకం తరగతి.

ఈసారి నిధులిచ్చే ఫౌండేషన్ వాళ్ళు "ఇది పనిచేస్తోందని చూపించండి" అన్నారు. మా డైరెక్టర్ గారు ఒక పట్టిక తయారు చేశారు. తరగతులన్నీ పూర్తిచేసినవాళ్ళు ఒక వరుస, మధ్యలో మానేసినవాళ్ళు ఇంకో వరుస. పూర్తిచేసినవాళ్ళలో ఉద్యోగాలు ఎక్కువ కాబట్టి కార్యక్రమం పనిచేసినట్టే అని ఆవిడ లెక్క. ఆవిడ మంచి మనిషి, ఈ తండ్రుల కోసం రాత్రీ పగలూ తిరుగుతారు. కానీ ఆ పట్టిక కింద నా పేరు పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు.

ఎందుకో చెప్తాను. ఒకాయనకి మూడో వారంలోనే గిడ్డంగిలో రాత్రి షిఫ్ట్ దొరికింది. పగలు నిద్రపోవాలి కదా, తరగతులు మానేశాడు. మా పట్టికలో ఆయన "మానేసినవాడు". ఇంకొకాయన ఒక్క తరగతీ వదల్లేదు, ప్రతి ఆదివారం కూతుర్ని లైబ్రరీకి తీసుకెళ్తాడు, కానీ ఇంకా ఉద్యోగం రాలేదు. మా పట్టికలో ఆయన వల్ల మాకు వచ్చిన ఫలితం సున్నా.

ఎవరితో పోల్చాలి? ఉద్యోగం సంగతి ఎక్కడ తెలుసుకోవాలి? తండ్రిగా మెరుగుపడ్డాడని దేన్ని చూసి చెప్పాలి? ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

చలిదేశం_పంతులమ్మ:

అమ్మా, నీ అనుమానం నిజమే. ఆ పట్టిక మీద సంతకం పెట్టకు. నేను మినియాపోలిస్‌లో ఉంటాను, ఇలాంటి కార్యక్రమాల మూల్యాంకనమే నా ఉద్యోగం. కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

పూర్తిచేసినవాళ్ళనీ మానేసినవాళ్ళనీ పోలిస్తే తెలిసేది మనుషుల మధ్య తేడా. కార్యక్రమం ఏం చేసిందో దాన్నుంచి తెలియదు. మన ఊళ్ళలో కోచింగ్ సెంటర్లు ర్యాంకర్లనే ఏరి మొదటి సెక్షన్‌లో కూర్చోబెట్టి, వాళ్ళ ఫొటోలే బస్టాండులో అంటిస్తాయి చూడు, అలాంటిదే ఇదీ. ఉండడానికి ఇల్లు, తిరగడానికి బస్సు, తోడు ఒక అక్కో అమ్మో ఉన్నవాడు తరగతులు పూర్తిచేస్తాడు. వాడికి ఉద్యోగమూ ఎలాగో దొరుకుతుంది. కాబట్టి మొదటి రోజు మీ గడప తొక్కిన ప్రతి ఒక్కడూ లెక్కలో ఉండాలి. వందమంది వస్తే వందా, ఒక్క తరగతికే వచ్చిపోయినవాడితో సహా.

పోలిక గుంపు ఎందుకు కావాలో న్యూయార్క్ అనుభవం చూస్తే అర్థమవుతుంది. అక్కడ సెంటర్ ఫర్ ఎంప్లాయ్‌మెంట్ ఆపర్చునిటీస్ అనే సంస్థ జైలు నుంచి వచ్చినవాళ్ళకి వెంటనే తాత్కాలిక పని ఇస్తుంది, ఏ రోజు కూలి ఆ రోజే చేతిలో పెడుతుంది. 2004, 2005లో 977 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి ఎండీఆర్‌సీ అనే పరిశోధనా సంస్థ వాళ్ళు మూడేళ్ళు వెంట నడిచారు. మొదటి నెలల్లో ఉద్యోగాల్లో తేడా చాలా పెద్దది. ఏడాది తిరిగేసరికి అది కరిగిపోయింది. తాత్కాలిక పని అయిపోయాక రెండు గుంపులూ దాదాపు ఒకచోటే ఉన్నాయి. ఆర్నెల్లకే ఆపి రిపోర్టు రాసుంటే అద్భుతం అనేవాళ్ళం.

అయితే మూడేళ్ళలో మళ్ళీ అరెస్టో, శిక్షో, జైలో ఎదురైనవాళ్ళు కార్యక్రమం గుంపులో 65 శాతం, ఆ తాత్కాలిక పని దొరకని రెండో గుంపులో 71 శాతం. విడుదలైన మూడు నెలల లోపే చేరినవాళ్ళలో ఈ మేలు ఇంకా ఎక్కువ. ఉద్యోగం నిలవకపోయినా జైలుకి తిరిగి వెళ్ళడం తగ్గింది! ఉద్యోగాన్ని మాత్రమే కొలిచి ఉంటే ఈ సంగతి బయటపడేది కాదు. కాబట్టి మీ దగ్గర విడుదల తేదీ తప్పకుండా నమోదు చేయించు. అది లేకపోతే ఎవరికి ఉపయోగపడిందో ఎప్పటికీ తెలియదు. ఇంకో మాట. ఇదే తరహా తాత్కాలిక ఉద్యోగాల ప్రయోగం చికాగో, డిట్రాయిట్, మిల్వాకీ, సెయింట్ పాల్‌లలో జరిగితే, అక్కడ మొదటి నెలల ఉద్యోగాలు పెరిగాయి గానీ మళ్ళీ జైలుకెళ్ళడం తగ్గలేదు. ఒక ఊళ్ళో వచ్చిన ఫలితాన్ని ఇంకో ఊరికి అంటగట్టకూడదని నేను అక్కడ నేర్చుకున్నాను.

ఇప్పుడు తండ్రి సంగతి. నాకు దగ్గరగా తెలిసింది ఇదే.

ఫెడరల్ ప్రభుత్వం కోసం మ్యాథమాటికా సంస్థ మా సెయింట్ పాల్, మినియాపోలిస్‌లతో పాటు కాన్సాస్ సిటీ, సెయింట్ లూయీలలో నాలుగు తండ్రుల కార్యక్రమాలను పరీక్షించింది. 2012 చివరి నుంచి 2015 మొదటి వరకు 5,522 మంది తండ్రులు చేరారు, వాళ్ళలో చాలామందికి నేర రికార్డు ఉంది. పిల్లల్ని దగ్గరికి తీసుకోవడం, మెచ్చుకోవడం, వయసుకి తగ్గ ఆటలూ పుస్తకాలూ, వీటిలో మెరుగు కనిపించింది. కానీ పిల్లల్ని స్వయంగా కలిసే సమయం పెరగలేదు, ఇచ్చే డబ్బూ పెరగలేదు.

దీన్ని చదివి "సగమే పనిచేసింది" అని తేల్చేసేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. కలవడం అనేది తండ్రి చేతిలో ఉన్న విషయమా? పిల్లాడు తల్లి దగ్గర ఉంటాడు. ఆవిడకి పాత భయాలుంటాయి, చాలాసార్లు న్యాయమైన భయాలే. కొన్ని కేసుల్లో కోర్టు ఉత్తర్వే దగ్గరికి పోవద్దంటుంది. పెంపకం తరగతి మార్చగలిగేది కలిసిన ఆ గంటలో అతను ఎలా ఉంటాడన్నదే. కలవడానికి వీలు కల్పించాలంటే మధ్యవర్తి కావాలి, విజిటేషన్ ఉత్తర్వు (పిల్లల్ని కలవనిచ్చే కోర్టు ఉత్తర్వు) కోసం వకీలు కావాలి. ఫెడరల్ ప్రభుత్వం దీనికి ఇచ్చేది దేశమంతటికీ కలిపి ఏడాదికి కోటి డాలర్లు మాత్రమే. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఒకే గీతతో కొలవకు.

ఇక డబ్బు. రాష్ట్ర నిరుద్యోగ బీమా వాళ్ళ దగ్గర ప్రతి మూడు నెలల జీతాల రికార్డు ఉంటుంది, పెద్ద అధ్యయనాలన్నీ దాన్నే వాడతాయి. కానీ చేతికి రొక్కం ఇచ్చే పని, సొంతంగా చేసుకునే పెయింటింగ్, గడ్డి కోత పని అందులోకి రావు. నేర రికార్డు ఉన్న తండ్రి ఎందుకు రొక్కం పనికి పోతాడో ఆలోచించు. జైల్లో ఉన్నంత కాలం చైల్డ్ సపోర్ట్ (విడిగా ఉంటున్న పిల్లల కోసం నెలనెలా కట్టాల్సిన డబ్బు) బాకీ పెరుగుతూనే ఉండి ఉంటుంది. 1986 నాటి చట్టం ప్రకారం ఒకసారి పడ్డ బాకీని వెనక తేదీతో తగ్గించే వీలు ఏ కోర్టుకీ లేదు. జైల్లో ఉండటాన్ని "కావాలని పని మానేయడం"గా చూడకూడదని ఫెడరల్ నియమం వచ్చిందే 2016 డిసెంబర్‌లో. బయటికొచ్చి జీతం ఉద్యోగంలో చేరగానే చేతికొచ్చే దాంట్లో సగం నుంచి 65 శాతం దాకా కోసుకునే వీలు చట్టంలోనే ఉంది. పైగా తల్లి ప్రభుత్వ సాయం తీసుకుని ఉంటే, అతను కట్టినదాంట్లో కొంత సర్కారు పాత ఖర్చు కింద జమవుతుంది. పిల్లాడి చెప్పుల దాకా రాదు.

అందుకే జీతాల రికార్డులతో పాటు మనిషిని కూడా అడగాలి, రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. రెండిటి మధ్య తేడా వచ్చిందంటే అది పారేయాల్సిన తప్పు కాదు, అదే నీకు దొరికిన సమాచారం. మీ సంస్థ వాళ్ళకి చైల్డ్ సపోర్ట్ ఆర్డర్ సవరించుకోవడంలో సాయం చేస్తోందా? చేయకపోతే జీతం పెరగలేదని శిక్షణని తప్పుపట్టడం అన్యాయం.

డాలస్_గిడ్డంగి:

పంతులమ్మ గారికి నమస్కారం. నేను లెక్కలవాణ్ణి కాదు, పనిచ్చేవాణ్ణి. డాలస్ దగ్గర మాకు ప్యాకింగ్ గిడ్డంగి ఉంది. జైలు నుంచి వచ్చినవాళ్ళని తీసుకుంటూ ఉంటాను. మొదట్లో మా ఇంట్లోవాళ్ళు భయపడ్డారు. ప్రభుత్వం తరఫున మొదటి ఆర్నెల్లకి 5,000 డాలర్ల బాండ్ (ఆ మనిషి దొంగతనమో మోసమో చేస్తే యజమాని నష్టం పూడ్చే బీమా లాంటిది) ఉచితంగా ఇస్తారని తెలిశాక కొంచెం ధైర్యం వచ్చింది. విడుదలైన ఏడాది లోపు తీసుకుంటే మనిషికి 2,400 డాలర్ల దాకా పన్ను రాయితీ కూడా వచ్చింది.

నా కళ్ళారా చూసింది చెప్తాను. వీళ్ళకి ఉద్యోగం దొరకకపోవడం తక్కువ, దొరికింది నిలవకపోవడం ఎక్కువ. మొదటి నెల హుషారుగా వస్తారు. అప్పుడు చైల్డ్ సపోర్ట్ ఆఫీసు నుంచి జీతంలో కోత పెట్టమని కాగితం వస్తుంది. మేం కోయాలి, చట్టం. తర్వాతి చెక్కు చూసి ఆ మనిషి మొహం ఎలా మారుతుందో నేను చూశాను. దాని మీద పెరోల్ ఆఫీసర్ అపాయింట్‌మెంట్ మంగళవారం పగలు రెండింటికి ఇస్తాడు. లోడింగ్ టైం అదే. రెండుసార్లు పంపుతాం, మూడోసారి సూపర్‌వైజర్ విసుక్కుంటాడు.

కాబట్టి చెల్లెమ్మా, "ఉద్యోగం వచ్చిందా" అని ఒక్కటే రాయకు. ఎన్ని నెలలు నిలిచిందో, ఎందుకు పోయిందో రాయి. ఆ కారణాలు యజమానినే అడగొచ్చు. మమ్మల్ని ఎవరూ అడగరు.

చలిదేశం_పంతులమ్మ:

అన్నగారూ, మీరు చెప్పినదాన్ని కొట్టిపారేయడానికి లేదు. ఎనిమిది రాష్ట్రాల్లో పదివేల మందికి పైగా చేరిన సీఎస్‌పెడ్ అనే పెద్ద ప్రయోగంలో చైల్డ్ సపోర్ట్ ఆఫీసే ముందుండి ఉద్యోగ సాయం, పెంపకం తరగతులు నడిపింది. నెలనెలా కట్టాల్సిన మొత్తాలు కొంత తగ్గాయి, కట్టినదీ కొంచెం తగ్గింది. ఆ ఆఫీసు మీద తండ్రులకి సంతృప్తి మాత్రం పెరిగింది. వసూలు తగ్గింది కాబట్టి ఓడిపోయిందందామా? కట్టగలిగినంతే అడిగారు, అందుకని మనిషి ఆఫీసుని చూసి పారిపోలేదు. నా ఉద్దేశంలో అది గెలుపే. మా రంగంలో అందరూ నాతో ఏకీభవించరు.

పనికి తీసుకునే విషయం అన్నారు కాబట్టి ఒక్క అంకె. 2003లో డివా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త మిల్వాకీ అధ్యయనం ప్రచురించారు. ఒకేలాంటి అర్హతలతో కుర్రాళ్ళని దరఖాస్తులకి పంపితే, నేర రికార్డు లేని తెల్లవాళ్ళకి 34 శాతం, రికార్డు ఉన్న తెల్లవాళ్ళకి 17 శాతం పిలుపులొచ్చాయి. నల్లవాళ్ళకి రికార్డు లేకపోతే 14, ఉంటే 5. రెజ్యూమె తరగతి ఎంత బాగా చెప్పినా ఈ గోడ అక్కడే ఉంటుంది. రిపోర్టులో ఆ గోడ గురించి కూడా రాయి.

చంచల్‌గూడ_వకీలు:

హైదరాబాద్ నుంచి. ఉచిత న్యాయ సహాయం కింద జైలు కేసులు చూస్తాను. తెలంగాణ జైళ్ళ శాఖ పెట్రోలు బంకుల్లో ఖైదీలకీ విడుదలైనవాళ్ళకీ పని ఇవ్వడం మీకు తెలిసే ఉంటుంది. చాలా మంచి పని. కానీ బంకులో పనిచేసిన మనిషి పిల్లలు మళ్ళీ బడికి వెళ్తున్నారా, అతను ఇంట్లో ఎలా ఉన్నాడు అని అడిగే కాగితం నా చేతికి ఎప్పుడూ రాలేదు. ములాఖత్ గదిలో జాలీకి అవతల నాన్నని చూసి ఏడ్చే పిల్లల్ని రోజూ చూస్తాం. మన జాతీయ జైలు గణాంకాల్లో తల్లులతో పాటు లోపల ఉన్న పిల్లల లెక్క ఉంటుంది. బయట ఎదురుచూసే పిల్లల సంగతి కూడా ఆ పుస్తకంలోకి రావాలి. మీ ప్రశ్నావళి తయారైతే తెలుగులో ఒక కాపీ ఇవ్వండి, నేను వాడతాను.

గోదారమ్మాయి:

అందరికీ ధన్యవాదాలు. డైరెక్టర్ గారితో మాట్లాడాను, విన్నారు. చేరినవాళ్ళందరినీ లెక్కలోకి తీసుకుందాం అన్నారు. ఇంకో రెండు సందేహాలు. మేం చిన్నవాళ్ళం, లాటరీ వేసి కొందరిని వెనక్కి పంపడం తప్పనిపిస్తోంది. రెండోది, పిల్లల తల్లుల్ని అడగొచ్చా?

చలిదేశం_పంతులమ్మ:

సీట్ల కంటే ఎక్కువమంది వస్తే ఎలాగూ కొందరు ఆగాల్సిందే. అప్పుడు ముందొచ్చినవాడికో, తెలిసినవాడికో ఇవ్వడం కంటే లాటరీయే న్యాయం. ఆగినవాళ్ళకి తర్వాతి విడతలో చోటు ఖాయం చేసి, ఈలోగా వాళ్ళ సంగతీ అడిగి రాసుకో. అందరికీ సీటు ఉంటే మాత్రం లాటరీ వద్దు. ప్రతివాడి చేరకముందు ఏడాది జీతం రికార్డు తెప్పించి ముందూ వెనకా చూడు, కానీ అది రుజువు అనకు. జైలు నుంచి అప్పుడే వచ్చినవాడి జీతం సున్నా నుంచి మొదలవుతుంది, ఏ కార్యక్రమం లేకపోయినా పైకే పోతుంది. ఫౌండేషన్‌కి ఆ మాట నువ్వే ముందుగా రాసివ్వు.

తల్లుల్ని అడగాలి. తండ్రి గురించి తండ్రినొక్కడినే అడిగితే సగం బొమ్మే వస్తుంది. కానీ ముందు ఆవిడ ఒప్పుకోవాలి. తండ్రి దగ్గర ఆవిడ నంబర్ తీసుకుని ఫోన్ చేయకు, విడిగా ఉత్తరం పంపి ఇష్టమైతేనే మాట్లాడమను. ఆవిడ చెప్పింది అతనికి ఏ రూపంలోనూ చేరకూడదు. ఇంట్లో హింస జరిగిన కేసుల్ని మొదటే వేరుచేయి. అక్కడ కలవడం పెరగడం మంచి ఫలితం కిందకి రాదు, పిల్లాడి భద్రతే చూడాలి. సర్వేకి దొరకనివాళ్ళ పేర్లు కౌంటీ జైలు జాబితాలో కూడా చూడు. ఫోన్ ఎత్తనివాళ్ళలో కొందరు మళ్ళీ లోపల ఉంటారు, వాళ్ళని వదిలేస్తే మీ ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది.

ప్రశ్నావళి చిత్తు ప్రతి పంపు, వారాంతంలో చూస్తాను. వకీలు గారికి తెలుగు కాపీ నేనే రాసిస్తాను.