చైనాలో ఫెంగ్యాంగ్ ఎలా ఉంటుంది? తమ్ముడు పోతున్నాడు

బంగారుపాళ్యం మామిడి:
మా తమ్ముడు శ్రీసిటీ దగ్గర సోలార్ అద్దాల పనిలో ఉన్నాడు. జనవరిలో ట్రైనింగ్‌కు ఫెంగ్యాంగ్ పంపిస్తారంట. మ్యాపులో చూస్తే చుట్టూ పొలాలే. అమ్మకు ఒకటే టెన్షన్. చలి ఎంత ఉంటుంది? పల్లెల్లో అద్దాల ఫ్యాక్టరీ ఏంది? పోయినోళ్లు ఎవరైనా చెప్పండన్నా.

చిత్తూరు డాక్టరు:
అన్‌హుయ్ రాష్ట్ర రాజధాని హెఫైలో ఎంబీబీఎస్ చదివేటప్పుడు పోయొచ్చాను తమ్ముడూ. ఫెంగ్యాంగ్ కూడా ఆ రాష్ట్రంలోనే, హువాయ్ నదికి దక్షిణపు ఒడ్డున ఉంది. నదికి ఉత్తరాన ఉన్న పట్టణాల్లో చలికాలమంతా ఇళ్లకు పైపుల్లో వేడి వస్తుంది, దక్షిణాన ఆ ఏర్పాటు లేదు. బీజింగ్‌లో చలి ఎక్కువే, కానీ గదిలో కూర్చుని వణికేది ఇక్కడే. మంచు కూడా పడుతుంది. పోగానే కరెంటు దుప్పటి కొనుక్కోమను.

అద్దాలకు కారణం అక్కడి కొండల్లోని క్వార్ట్జ్ రాయి. దాన్ని పిండి చేసి ఇసుకగా మార్చి కరిగిస్తారు. కిటికీ అద్దాలు, సోలార్ అద్దాలు అన్నీ దాంతోనే. పొలాల్లో వరి, గోధుమ.

చైనాను ఏలిన మింగ్ వంశాన్ని స్థాపించిన జు యువాన్‌జాంగ్ 1328లో పుట్టింది ఇక్కడి పేదింట్లోనే. చక్రవర్తి అయ్యాక 1369లో సొంతూళ్లో రాజధాని మొదలుపెట్టి, 1375లో ఆపేశాడు. ఊరికి ఒరిగింది మాత్రం తక్కువ. 1194లో పసుపు నది దారి మార్చి హువాయ్‌లోకి చొరబడింది, 1855 దాకా పోలేదు. వరదలు, కరువులు. ఇక్కడి జనం ఎడమ చేత చిన్న డప్పు, కుడి చేత రెండు సన్నని పుల్లలు పట్టుకుని పాడుతూ ఊరూరా అడుక్కునేవాళ్లు. ఇప్పుడది స్టేజీ మీద కళ!

1978లో ఇక్కడి షియావ్‌గాంగ్ అనే పల్లెలో 18 మంది రైతులు ఉమ్మడి పొలాన్ని ఇంటింటికీ రహస్యంగా పంచుకున్నారు, అప్పట్లో అలా పంచుకోవడం నిషేధం. కాగితం మీద ఎర్ర వేలిముద్రలు వేశారు. నాయకులు జైలుకు పోతే వాళ్ల పిల్లలను 18 ఏళ్లొచ్చేదాకా మిగతావాళ్లు సాకాలని రాసుకున్నారు. నన్నడిగితే తమ్ముడు తప్పక చూడాల్సింది ఆ ఊరే.

తిరుపతి సోషల్ మాస్టారు:
అంటే భూమి వాళ్ల పేరున పట్టా అయిందా బాబూ?

చిత్తూరు డాక్టరు:
లేదు సార్. ఇప్పటికీ అది ఊరి ఉమ్మడిదే. రైతుకు సాగు హక్కు ఉంటుంది, అమ్ముకునే హక్కు లేదు. వ్యవసాయ పన్ను మాత్రం 2006లో ఎత్తేశారు. మన దగ్గర పాస్‌బుక్ పెట్టినట్టు భూమిని తాకట్టు పెట్టలేరు గానీ, 2019 నుంచి సాగు హక్కును తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు.

బంగారుపాళ్యం మామిడి:
థాంక్స్ అన్నా. రైలు ఎక్కడ దిగాలి?

చిత్తూరు డాక్టరు:
షాంఘై నుంచి వస్తే బెంగ్బూ సౌత్‌లో. పక్క ఊరే, అక్కడినుంచి కారు.