బేకన్‌కు బెల్లం పట్టిస్తే మాడిపోతోంది, ఎలా చేయాలి?

ప్రశ్న (నల్లగొండ నుంచి):
క్రిస్మస్‌కు చేసే పాశం (పాయసం) మీద ఈసారి తీపి బేకన్ (ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది మాంసం) తునకలు చల్లాలని నేనూ మా ఆడబిడ్డా అనుకున్నాము. హైదరాబాద్‌లో కొన్న బేకన్ ముక్కలకు తురిమిన బెల్లం దట్టంగా పట్టించి, ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) 200 డిగ్రీల వేడిలో పెట్టాము. పావుగంట గడిచేసరికి బెల్లం నల్లగా మాడి ట్రేకు అంటుకుపోయింది. ముక్కలోని కొవ్వు మాత్రం ఇంకా తెల్లగా, సాగుతూనే ఉంది. బ్రౌన్ షుగర్ కొనకుండా మన బెల్లంతోనే కరకరలాడేలా చేసినవారు ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి):
అక్కా, కొవ్వు కరగడానికి చాలాసేపు పడుతుంది, బెల్లం అంతసేపు ఆగదు. వేడిని 175 డిగ్రీలకు తగ్గించి, ట్రేలో తీగల జాలీ పెట్టి, బేకన్‌ను ఏమీ అద్దకుండా పావుగంట ఉంచండి. కారిన కొవ్వు వంపేసిన తర్వాతనే ముక్కలకు బెల్లం పొడి పలుచగా అద్ది మళ్లీ లోపల పెట్టి, అక్కడే నిలబడి చూస్తూ ఉండండి. బెల్లం బుడగలు కట్టి ముదురు తేనె రంగుకు రాగానే తీసేయాలి. పల్లీపట్టికి పాకం పట్టే చేతికి ఇది కష్టం కాదు. వేడి మీద ముక్క మెత్తగా వంగుతుంది. అది చూసి ఇంకా కాలలేదనుకుని మళ్లీ లోపల పెట్టి, నేను ఒక వాయి మొత్తం చేదు చేసుకున్నాను. చల్లారి పాకం గట్టిపడితేనే కరకరలాడుతుంది. నెయ్యి రాసిన స్టీలు పళ్లెంలో విడివిడిగా ఆరబెట్టండి.

జవాబు (మిర్యాలగూడ నుంచి):
పాశంలో ముందుగా కలపవద్దని నా మనవి. తడి తగిలితే బెల్లం పూత కరిగిపోయి ముక్క తోలులా సాగుతుంది కాబట్టి, వడ్డించేటప్పుడే పైన చల్లండి. బేకన్‌కు ఉప్పు ముందే పట్టించి ఉంటుంది, కనుక పాశంలో చిటికెడు ఉప్పు వేసే అలవాటుంటే ఈసారి మానండి. నా మట్టుకు ఇది పల్లీపట్టిలోనే ఎక్కువ బాగుంది, ఎందుకంటే వేయించిన పల్లీల కమ్మదనానికి బేకన్‌లోని పొగ వాసన చక్కగా కలుస్తుంది. తీపిలో పంది కొవ్వు వాడటం పాత పద్ధతే. స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో చేసే ఎన్సైమాదా అనే తీపి రొట్టెకు ఆ పేరే అక్కడి భాషలో పంది కొవ్వును సూచించే మాట నుంచి వచ్చింది. పంది మాంసం తినని బంధువులు వస్తే వారి పాశానికి గిన్నె, గరిటె వేరుగా పెట్టి, ముందే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న 6 ముక్కలతో చేసి చూశాము. బెల్లం అద్దిన తర్వాత మా ఓటీజీలో 7 నిమిషాలు సరిపోయింది. ముక్కను విరిస్తే టక్కున విరిగింది. పండుగకు పాశం గిన్నె పక్కన తునకలను మూత ఉన్న డబ్బాలో విడిగా పెడతాము.