అప్‌డేట్: కాన్పయ్యాక బరువు దిగట్లేదని అడిగాను కదా, కారణం తెలిసింది (పర్లాకిమిడి)

బాబుకి ఆర్నెల్లు దాటినా బరువు దిగట్లేదు, దువ్వెన నిండా జుట్టు, పొద్దున్నే లేవబుద్ధి కావట్లేదు అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూపించుకో" అన్న అక్క మాటే నిజమైంది. శ్రీకాకుళం వెళ్లి చూపించుకుంటే, కాన్పయ్యాక ఏడాదిలోపు కొందరికి వచ్చే థైరాయిడ్ వాపు అని తేలింది. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకీ దీనికీ 4 గంటలు ఎడం ఉండాలి. పాలు మాన్పించక్కర్లేదు. చాలామందికి కొన్నాళ్లకి సర్దుకుంటుందట, అందుకే మళ్లీ రక్తపరీక్ష రాశారు.

బరువంతా థైరాయిడ్‌ది కాదని కూడా డాక్టరమ్మ చెప్పేశారు. అలాగని కడుపు మాడ్చుకోవద్దు, పాలిచ్చేవాళ్లకి ఆర్నెల్లు దాటాక కూడా రోజుకి 520 కేలరీల దాకా అదనంగా కావాలట. ఇప్పుడు పొద్దున చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం కొంచెం అన్నం, గిన్నెడు డాల్మా (ఒడియా వాళ్ల కూరగాయల పప్పు; పచ్చి బొప్పాయి, గుమ్మడి, మునక్కాడ ఏది దొరికితే అది). పథ్యం పేరుతో మా అత్తగారు వంపే నెయ్యి సగమైంది, ఆవిడ మూతి ముడుపు మాత్రం తగ్గలేదు.

నడికట్టు, జీలకర్ర నీళ్లు నా విషయంలో పనిచేయలేదు. జుట్టు ఊడటం కాన్పయ్యాక మామూలేనని దానికి మందేమీ రాయలేదు. నీరసం తగ్గింది, బరువు మెల్లగా దిగుతోంది.