చెమటలో పోయిన ఉప్పు మళ్లీ తినాలా?

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 42 ఏళ్లు. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో 6 కిలోమీటర్లు పరుగెత్తుతా. నల్ల బనియన్ ఆరితే వీపు మీద తెల్లటి ఉప్పు చారలు. నిన్న పిక్క పట్టేసింది. అమ్మకు బీపీ, అందుకే ఇంట్లో ఉప్పు తక్కువే. నేను పెంచుకోవాలా?

జవాబు 1: వద్దు. లీటరు చెమటలో సుమారు 1 గ్రాము సోడియం పోతుంది, అంటే రెండున్నర గ్రాముల ఉప్పు. మనిషిని బట్టి మారుతుంది. గంటలోపు పరుగుకు మామూలు తిండే చాలు. పిక్క పట్టడానికి అలసట కూడా కారణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే అంటుంది. ఊరగాయతోనే చాలావరకు అయిపోతుంది.

జవాబు 2: ఎండాకాలం గంటన్నర దాటితే నేను ఉప్పేసిన పల్చటి మజ్జిగ తాగుతా. ఉత్త నీళ్లే అదేపనిగా తాగొద్దన్నా, రక్తంలో సోడియం పడిపోతుంది, ప్రమాదం.

అడిగినవారు: సరే అన్నా. ఎంత చెమట పోతోందో తెలియడానికి రేపు పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకుని చెబుతా.